నవ్వే బెల్లు

కాలింగ్ బెల్లు నవ్వింది.

ఆ ఇంట్లో బెల్లు మోగదు, నవ్వుతుంది. మూడేళ్ళ ఆడపిల్ల కిలకిలా నవ్వినట్టుంటుంది.

తలుపు తీస్తే ఎదురుగా ఒక ముసలావిడ. చేతిలో గుడ్డసంచీ.

"ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ వద్దు బాబూ. ఇల్లు పొరబడ్డాను" అంటూ మెట్లు దిగిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చి మంచినీళ్ళడిగింది. ఇస్తే గుక్కెడు కూడా సరిగ్గా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ ఇంటాయన ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి. తెల్లారి లేస్తే పాత సినిమా పాటలే కాబట్టి ఇరుగుపొరుగులు ఆయనకు గ్రామఫోనుగారని పేరు పెట్టారు. అన్ని పాటలూ ఒక ఎత్తు, ఒక జోలపాట ఒక ఎత్తు ఆయనకు. ఆ పాటలో రెండు చరణాల మధ్య వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో ఒక పసిపిల్ల నవ్వుతుంది.

ఆ నవ్వునే కోసి బెల్లులో పెట్టించుకున్నాడు.

నవ్విందెవరో మాత్రం రికార్డు అట్టమీద లేదు.

"ఆ పిల్ల ఎవరో, ఏ తల్లి కన్నదో తెలిస్తే కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను" అని పాత పాటల అభిమాన సంఘంలో అందరి ముందూ అంటుండేవాడు.

ఎలాగైతేనేం, ఆ పాట రికార్డు చేసిన సౌండు ఇంజనీరు ఆచూకీ ఈమధ్యే దొరికింది. ఫోను చేసి, తన బెల్లు గురించి గొప్పగా చెప్పుకుని, ఆ పిల్లెవరని అడిగాడు.

"ఫోనులో చెప్పే సంగతి కాదండీ. మోకాళ్ళు కాస్త కుదుటపడ్డాక నేనే వస్తాను" అన్నాడు పెద్దాయన.

ఇక ఆ రోజు కోసం ఎదురుచూపులు.

ముసలావిడ రాక మాత్రం ఆగలేదు.

"ఏమండీ, ఇది ఇళ్ళు చూసుకుని పోయే రకంలా ఉంది. బీరువా తాళాలు జాగ్రత్త" అంది భార్య.

ఒకరోజు ఆయన తలుపు వెనకాలే కాపు కాశాడు. బెల్లు నవ్వగానే ఠక్కున తీశాడు.

ముసలావిడ కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి, తనలో తను నవ్వుకుంటోంది. వేలింకా స్విచ్చిమీదే ఉంది.

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమే ముసలిదానా, ఆటగా ఉందా నీకు?"

"బెల్లు బాగుంది బాబూ. అందుకని..."

"బాగుంటే నీ కొంపకి పెట్టించుకో! అది పాటంటే ప్రాణమిచ్చేవాళ్ళ కోసం పెట్టింది. దాని విలువ నీకేం తెలుసు?"

ఎదురింటివాళ్ళు, పైవాళ్ళు వచ్చి మెట్లమీద నిలబడ్డారు.

"గ్రామఫోనుగారికి కూడా ఒక అభిమాని దొరికిందోయ్!" అన్నారెవరో. అందరూ ఘొల్లుమన్నారు.

ఆయన ఆవిడ సంచీ లాక్కుని నేలమీద బోర్లించాడు. ఒక కత్తెర, దారపుండలు, అంకెలు చెరిగిపోయిన కొలతల టేపు.

"చూశారా, కత్తెర!" అంది భార్య.

ముసలావిడ కిందికి వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. దొర్లిపోయిన దారపుండ వెంట మెట్టు మెట్టూ దిగింది. ఒక్కరూ వంగి అందివ్వలేదు.

సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ నవ్వు తీయించేసి, మామూలు బజరు పెట్టించాడు.

మర్నాడు బజరు గుర్రుమంది.

తలుపుకున్న అద్దపు కంతలోంచి చూశాడు. ముసలావిడే. మళ్ళీ నొక్కింది. మళ్ళీ గుర్రుమంది. స్విచ్చికి చెవి ఆనించింది. కొంగుతో దాన్ని తుడిచి, ఈసారి మెల్లగా నొక్కింది.

"ఏమేవ్, ఇలా రా, తమాషా చూద్దువు గాని!"

మొగుడూ పెళ్ళాం వంతులవారీగా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

కొన్నాళ్ళకు ఆవిడ రావడం మానేసింది.

"పీడ విరగడైంది" అంది భార్య.

పెద్దాయన వస్తానన్న ఆదివారం రానే వచ్చింది. సంఘం సభ్యులంతా హాల్లో కూర్చున్నారు. బజరు గుర్రుమంది.

పెద్దాయన గుమ్మంలోనే ఆగి స్విచ్చివైపు చూశాడు.

"బెల్లు ఇంకా బాగుచేయించలేదాండీ?"

"పాడైందని మీకెవరు చెప్పారు?"

"మా స్టూడియోలో బట్టలు కుట్టిన ఆవిడ. మీరు ఫోను చేసినరోజే, వెళ్ళి వినమని చెప్పి పంపాను. ఉట్టి సిగ్గరి, నోరు తెరిచి అడగలేదు. మీరు చాలా మంచివారంది. రోజూ వచ్చినా పల్లెత్తు మాట అనలేదట."

భార్య చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మంచం పట్టాక కూడా అదే ధ్యాసండీ. 'బెల్లు బాగైందేమో కనుక్కో అన్నా' అని నన్ను పోరేది. కిందటి వారం పోయింది పాపం."

గ్రామఫోనుగారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"ఆ ముచ్చట్లు తర్వాత సార్" అన్నాడు సంఘం కోశాధికారి హుషారుగా. "ముందు ఆ నవ్వెవరిదో చెప్పండి. మావాడు బిందెడు నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, కాళ్ళు కడగడానికి."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

"ఆవిడ కూతురిదేనండీ. సినిమా విడుదల కాకుండానే జ్వరమొచ్చి పోయింది. మీ బెల్లు నొక్కితే, ఆ పిల్లే నవ్వుకుంటూ తలుపు తీయడానికి పరిగెత్తుకొస్తున్నట్టుంటుందని అనేది."