వాపసు లోడు

అప్పటికి లారీ సేటు తుల్సీరాం చేతిలో ఉన్నవి నలభై సిమెంటు బస్తాలు, కాలిపోయిన మోటారు, వానకు ముందు రెండు గంటలు. సారపాక వైపు ఆకాశం నల్లబడింది. నూటయాభై అడుగుల గుట్ట మీద బడికి స్లాబు పడాలంటే నలభై బస్తాలూ పైకి చేరాలి. ఒక్కటి తగ్గినా పని ఆగుతుంది. వాగు పొంగితే దసరా దాకా ట్రాక్టరు రాదు.

గుట్ట కొమ్మున కప్పి ఉంది. దాని మీదుగా వేసిన తాడుకు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి సగానికి కోసిన డ్రమ్ముల తొట్లు. దాన్ని తిప్పే మోటారే కాలిపోయింది. బస్తా నెత్తిన పెట్టుకున్న ఇద్దరు సగం దారిలో దించేసి ఖాళీగా తిరిగొచ్చారు. ఖమ్మానికి మిర్చి తోలినా వాపసు లోడు లేకుండా లారీ తిప్పని తుల్సీరాంకు ఆ ఖాళీ రాకే ఎక్కువ బాధనిపించింది.

"మనుషులే వాపసు లోడు," అంది బడి టీచరు గ్రేస్. "ఉత్త చేతుల్తోని ఎక్కుండ్రి. పైన తొట్లె కూసోని దిగుండ్రి. మీరు దిగుతుంటే అవతల బస్తా లేస్తది."

పైన గూడెం కుర్రాడు దస్రు కప్పి బ్రేకు తాడు పట్టుకున్నాడు. మొదటి మనిషి దిగాడు, మొదటి బస్తా లేచింది. చెమట ఎంత పడితే బరువు అంత లేస్తుందని లెక్కగట్టిన తుల్సీరాం, సాయానికొచ్చిన ఎనిమిది మంది గూడెం వాళ్లనూ నిట్టనిలువు రాళ్లదారిన తరిమాడు. రెండో విడతకే సగం మంది రాళ్ల మీద చతికిలబడ్డారు. గూడెం పెద్దావిడ జంపక్క ఒక్కతే వినలేదు. పశువులు పోయే చుట్టుదారిన ఆకు నములుతూ బయల్దేరింది.

"అక్కా, గంత సుఖంగ ఎక్కితే సగం బస్తానే లేస్తది."

"లేవకుంటే నేనే మోస్త తీ, సేటూ."

ఆమె దిగింది. నిండు బస్తా లేచింది.

గ్రేస్ విడమరిచి చెప్పింది. ఏ దారిన వచ్చావని గుట్ట అడగదట. ఎంత ఎత్తుకు వచ్చావో అదే చూస్తుందట, దిగేటప్పుడు అంతా తిరిగిస్తుందట. కప్పి దగ్గర రాపిడి మాత్రం కొంచెం తింటుందట. తుల్సీరాం గుట్ట వైపు తలెత్తి చూశాడు. ఇరవై ఏళ్ల బేరాల్లో ఇంత నికార్సైన షావుకారు తగల్లేదు. తినేది దళారే అన్నమాట, ఇక్కడ కూడా.

ఇక అందరూ చుట్టుదారే పట్టారు. సగం దారిలో దించిన రెండింటితో కలిపి ముప్పై తొమ్మిది చేరాయి. అప్పుడు వాన దిగింది.

పైన దస్రు ఒక్కడే, తను దిగుదామంటే బ్రేకు వదల్లేడు. మిగతా అందరూ కిందే, జారే బురదదారిన ఎక్కే ఓపిక ఎవరికీ లేదు. జంపక్క నాలుగడుగులు వేసి బురదలో కూలబడింది. తుల్సీరాం తన రెయిన్‌కోటు విప్పి ఆఖరి బస్తాకు చుట్టి తొట్లో పెట్టాడు.

"ఒక్క బస్తాకు స్లాబు పాయె, టీచరమ్మా."

పావుగంట గడిచింది. తాడు బిగిసింది, బస్తా నేల విడిచింది.

"దస్రూ, నువ్వు దిగితే బ్రేకెవరు పడతరు?"

పై తొట్టి మెల్లగా వచ్చి తుల్సీరాం కాళ్ల దగ్గర ఆగింది. లోపల మనిషి లేడు. పైన బస్తాలకు కప్పిన టార్పాలిన్ మీంచి దస్రు ఒంపిన వాననీళ్లు అంచుల దాకా ఉన్నాయి.

తుల్సీరాం లెక్క ముగించాడు. ముప్పై తొమ్మిది బస్తాలను మనుషులు ఎక్కించారు, నలభయ్యోదాన్ని వాన ఎక్కించింది.