పిట్ట ముట్టలేదు

విస్తరిలో పెట్టిన అన్నాన్ని కాకులు ముట్టడం లేదు.

వరద కాలువ గట్టు మీద తుమ్మకొమ్మపై రెండు కాకులు కూర్చునే ఉన్నాయి. కిందికి చూస్తాయి, మళ్లీ మెడ తిప్పుకుంటాయి. పోయిన మొగిలయ్యకు ఇష్టమని మేకకూర పెట్టారు, గారెలు పెట్టారు, ముంతలో కల్లు పోశారు. చివరికి బీడీ వెలిగించి విస్తరి పక్కన ఉంచారు. అయినా ఒక్కటీ దిగి రాలేదు.

"పానం దేనిమీద కొట్టుకుంటున్నదో ఏమో. మాటియ్యి సత్తవ్వా," అన్నాడు మొగిలయ్య అన్న హన్మండ్లు.

సత్తవ్వ విస్తరి ముందు కూర్చుని భర్తకు మాటిచ్చింది. పిల్లను చదువు మాన్పించనంది. ఇల్లు అమ్మనంది. తోడికోడలితో తగవు పెట్టుకోనంది. ఒక్కో మాటకూ అందరూ తలెత్తి కొమ్మ వైపు చూశారు.

వెనక నిలబడ్డ సరిత ఫోన్లో ఒక ఫొటో తీసింది. ఎవరో తన వైపు చూసేసరికి సిగ్గుపడి ఫోన్ దించింది. ఫొటోను మాత్రం చెరిపెయ్యలేదు.

సరితది సత్తవ్వ పక్కిల్లే. డిగ్రీ అయిపోయి పనిలేక 'మల్యాల ముచ్చట్లు' అని బ్లాగు మొదలుపెట్టింది. వంటలు రాసింది, కొండగట్టు బస్సుల వేళలు రాసింది. చదివిన పాపాన పోయినవాడు లేడు. అంతలో సత్తవ్వ వచ్చింది. దుబాయి పోయిన మీ పెద్దబాపు ఫోన్ ఎత్తుతలేడు, నీ దాంట్ల రాయి బిడ్డా అని బతిమాలింది. సరిత 'దుబాయిలో మాయమైన మొగిలయ్య' అని రాసి, వాళ్ల పాత పెండ్లి ఫొటో పెట్టింది. అంతే, ఆ పోస్టు ఊళ్లు తిరిగింది. దుబాయిలో ఉన్న మనవాళ్లు పాపం సెలవు రోజు నిద్ర మానుకుని క్యాంపులన్నీ వెతికారు.

కోరుట్లలో బ్లాగులు రాయడం నేర్పే మదన్ మోహన్ రావు సారు అది చదివి ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడని సరిత అనుకుంది. కొత్తగా రాసేవాళ్లు చేసే తప్పులన్నీ ఇందులోనే ఉన్నాయని ఆయన తల వాచేలా చీవాట్లు పెట్టాడు.

"ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. గీ మూడు అడగకుంట రాస్తే అది పుకారైతది బిడ్డా. చదివేటోళ్లు కింద ఏదన్న అడిగితే జవాబియ్యి. అందరికన్న ముందుగాల వెయ్యాలని ఉరుకకు."

సరిత సరే సార్ అంది. అంటూనే ఆ పూట ఎంతమంది చదివారో చూసుకుంది.

ఆ మర్నాడే పోస్టు కింద దుబాయి నుంచి ఎవరో రాశారు. దుబాయి క్యాంపులో జగిత్యాల దిక్కు మొగిలయ్య అనే ఆయన గుండె ఆగి పోయాడట. ఆయన కోసం ఎవరూ రాకపోతే అక్కడే దహనం చేశారట. ఫొటోలో పోలిక అట్లనే ఉందట. అది చదివి సరిత ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపుతోనే 'మొగిలయ్య ఇక లేరు' అని పోస్టు పెట్టేసింది. ఆ తర్వాతే సత్తవ్వతో చెప్పడానికి లేచింది. గోడ దాటి వెళ్లేసరికే, సిరిసిల్లలో ఉన్న సత్తవ్వ తమ్ముడు అది చదివి ఫోన్లో బావురుమంటున్నాడు. ఆ ఇంట్లో అప్పుడు లేచిన ఏడుపు సరిత చెవుల్లో ఇప్పటికీ ఉంది.

గట్టు మీద ఎండ ముదిరింది. విస్తరిలో అన్నం పైపైన ఎండిపోయింది. హన్మండ్లు కాకుల వైపు చివరిసారి చూసి, విస్తరిని కాలువలో వదిలెయ్యమన్నాడు. ఇక గాజులు తియ్యమని ఆడవాళ్లకు చెప్పాడు.

సత్తవ్వ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"ఇంకింత సేపు సూద్దాం బావా. పిట్ట ముట్టకపాయె."

"ఎంతసేపని సూస్తం? కానియ్యున్రి."

ఇద్దరు ముసలమ్మలు ఆమె చేతులు పట్టి బండకు ఆనించారు. పచ్చగాజులు చిట్లిపోయాయి. మణికట్టు మీద సన్నగా నెత్తురు కారింది. సరిత చూడలేక ఫోన్లోకి తల వంచుకుంది.

దుబాయి మనిషి మళ్లీ రాశాడు. చనిపోయిన మొగిలయ్య బ్యాగు తన దగ్గరే ఉందట, అందులో చిన్నపిల్లల బట్టలు కొన్ని ఉన్నాయట. పంపుదామంటే ఇంటి జాడ తేలడం లేదట. మీ మొగిలయ్య దుబాయిలో ఎక్కడ, ఏ కంపెనీలో పనిచేసేవాడో అడిగి చెప్పమన్నాడు. మొదటి పోస్టు కింద కూడా ఎవరెవరో ఇదే అడిగారు. అప్పుడు చదివినవాళ్ల లెక్క చూసుకునే సంబరంలో సరిత ఎవరికీ జవాబు ఇవ్వలేదు. ఈ ఒక్కసారైనా పద్ధతిగా అడిగి రాయాలనుకుంది. కనీసం ఆ బ్యాగైనా ఇంటికి చేరుతుంది.

ఆమె సత్తవ్వ పక్కన కూర్చుని, బోసిపోయిన చేతిని తన చున్నీతో తుడిచింది.

"పెద్దవ్వా, పెద్దబాపు దుబాయిల ఎక్కడ ఉండేటోడు? ఏ కంపెనీ?"

సత్తవ్వ కాలువలో కొట్టుకుపోతున్న విస్తరి మీద నుంచి చూపు తిప్పలేదు.

"కంపెనీ పేరు నాకెర్కలేదు బిడ్డా. మీ బాపు పోయింది సౌదీ దుబాయి గదా, మీ పెద్దబాపు పోయింది మస్కట్ దుబాయి."