ఎడమ రెక్కలో ఈక లేని గద్ద

"ఆ ఏడూ తీసెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆమె బైనాక్యులర్స్ దించి మెడ నొక్కుకుంది. ఇందాక ఉత్తరానికి దాటాయని రాసుకున్న ఏడు గద్దలు, గాలి ఎదురు తిరగడంతో వెనక్కి వచ్చేస్తున్నాయి.

వెనక్కి వెళ్ళినవాటిని తీసెయ్యాలి. అది నియమం.

ఏడు కొట్టేసింది. ప్రాణం ఉసూరుమంది.

వసంతంలో వేటపక్షులన్నీ ఆ కొండగట్టు మీదుగానే ఉత్తరానికి వలస వెళ్తాయి. ఒక కంపెనీ గట్టు పొడవునా గాలిమరలు పాతుతానంటోంది. నలభై రోజుల్లో పదివేల పక్షులు దాటినట్టు తేలితే అనుమతి ఇవ్వరు. తేలకపోతే వానలు పడేలోగా మరలు లేస్తాయి. వచ్చే వసంతం పక్షులు నేరుగా వాటి రెక్కల్లోకే వెళ్తాయి.

లెక్కలు రెండు. పక్షుల సంఘం తరఫున ఆమె, కంపెనీ తరఫున ఇంకెవరో. ఏ రోజు కాగితం ఆ రోజు సీలు వేసి విచారణ అధికారికి అందజేయాలి. చివరికి ఆ కాగితాలే పుస్తకమవుతాయి.

ఆ కంపెనీ మనిషి మాత్రం గట్టెక్కిన పాపాన పోలేదు.

ఎక్కింది ఈ పెద్దాయన ఒక్కడే. మడత స్టూలు, ఫ్లాస్కు, చిన్న డైరీ. మొదటి రోజు అడిగితే, పక్షుల్ని చూడ్డానికొచ్చానన్నాడు. రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోని బాపతనుకుంది. మనసులో 'తీసివేతల మాస్టారు' అని పేరు పెట్టుకుంది.

ఒక్క పక్షీ రాని గంటల్లో ఇద్దరూ టీ పంచుకునేవాళ్ళు. అలాంటి గంటలో సున్నా రాయాలని గుర్తు చేసేదీ ఆయనే.

ఓసారి కంపెనీ మనిషి గురించి మాట వచ్చింది.

"తక్కువ లెక్కపెడతాడని పేరున్నవాణ్ణే ఏరి తెచ్చుకున్నారట. ఏ లాడ్జిలోనో పడుకుని అంకెలు అల్లుతుంటాడు," అందామె.

పెద్దాయన ఫ్లాస్కు మూత బిగించాడు.

"అల్లడం కన్నా లెక్కపెట్టడమే తేలికమ్మా," అన్నాడు.

ముప్పై అయిదో రోజుకి ఆమె కళ్ళు వాచిపోయాయి. రెప్ప వేస్తే ఇసుక గీరినట్టుంది. పక్షులు రోజురోజుకీ పలచబడుతున్నాయి. పొద్దున్నే సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, పదివేలు దాటకపోతే ఇన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసినట్టేనని గుర్తు చేశాడు. ఆమె మరిచిపోతే కదా.

మధ్యాహ్నం నలభై మూడు గద్దలు ఒకే గుంపుగా దాటాయి. రాసింది.

గంట తర్వాత ఇంకో నలభై మూడు. అవీ రాసింది. మొత్తం తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బై ఎనిమిది.

"ఇందాకటివేనమ్మా అవి," అన్నాడు పెద్దాయన. "పడమటి లోయలోంచి వెనక్కి జారి మళ్ళీ వచ్చాయి. ముందున్నదాని ఎడమ రెక్కలో ఒక ఈక లేదు, చూశావా? మొదటి గుంపులోనూ అదే ముందుంది."

ఆమె చూసింది. చూడనట్టు ఊరుకుంది.

"తీసెయ్యి తల్లీ. ఒక్కటి తప్పని తేలితే మిగతావన్నీ అబద్ధమైపోతాయి. నీ కళ్ళు అలిసిపోయాయి. కాసేపు మూసుకో, నేను చూస్తుంటాను."

"మీకేం పోయిందండీ?" అందామె. "తీసెయ్యి, తీసెయ్యి. నెల రోజుల్నుంచీ ఇదే పాట. నాకు కలపడానికి దొరక్క నేను చస్తుంటే... రేపట్నుంచి పైకి రాకండి. ఈ చోటు మా సంఘానిది."

ఆయన స్టూలు మడిచి చంకన పెట్టుకుని దిగిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆమె కొండ దిగుతుంటే, కింది మలుపు దగ్గర స్టూలు వేసుకుని కనిపించాడు. అలక కాబోలనుకుని మొహం తిప్పుకుని వచ్చేసింది. ఆ తర్వాత నాలుగు రోజులూ అంతే.

నలభయ్యో రోజుకి ఆమె లెక్క పదివేల నూట ఇరవై రెండు.

విచారణ గదిలో కంపెనీ లాయరు గోడ మీద వీడియో వేశాడు. గట్టు మీద కంపెనీ పాతిన గాలి కొలిచే స్తంభానికి కెమెరా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. గద్దల గుంపు, ముందున్నదాని ఎడమ రెక్కలో ఖాళీ. గంట తర్వాత మళ్ళీ అదే గుంపు, అదే ఖాళీ.

తెలియక రాశారా, తెలిసే రాశారా అని అధికారి అడిగాడు.

"తెలిసే," అంది.

ఆమె పుస్తకాన్ని అధికారి పక్కన పెట్టేశాడు. వెనక బెంచీలో కార్యదర్శి తల పట్టుకున్నాడు.

ఇక తమ పుస్తకం విప్పమన్నాడు లాయరు నవ్వుతూ.

సీళ్ళు విప్పి అధికారి ఒక్కో పేజీ తిప్పాడు. మొదటి ముప్పై నాలుగు రోజులూ రెండు పుస్తకాల్లోనూ అవే అంకెలు. వెనక్కి వెళ్ళిన ప్రతి పక్షీ తీసివేసి ఉంది. పక్షి రాని ప్రతి గంటకీ సున్నా ఉంది.

"మొత్తం పదివేల నాలుగు," అన్నాడు అధికారి. "ఇది మీ మనిషి లెక్కే కదా?"

లాయరు నవ్వు ఆగిపోయింది. అవునన్నట్టు తలూపాడు.

ఆ మనిషిని పిలిపించగలరా అని అధికారి అడిగితే, పని నిన్నటితో అయిపోయిందనీ, పొద్దున బస్సుకే వెళ్ళిపోయాడనీ, అడ్రసు ఇవ్వలేదనీ లాయరు చెప్పాడు.

గట్టు మిగిలింది. కార్యదర్శి వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఊపేశాడు. ఆమెకు కూర్చోవాలనిపించింది, అంతే.

సంతకం పెట్టమని గుమాస్తా ఆ పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాడు. చివరి పేజీ తెరిచి ఉంది.

'ఆఖరి ఐదు రోజులు గట్టు మీద కాదు, కింది మలుపు నుంచి లెక్కపెట్టాను. సగం ఆకాశమే కనిపించింది' అని రాసి ఉంది. సున్నాలతో సహా ప్రతి గడీ నింపిన ఆ పుస్తకంలో, దాని పక్కన 'కారణం' అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది.