రెండో చెవి

“అమ్మా, ఆ చెవి వద్దు. అందులో అందరూ డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మాట్లాడుతున్నారు.”

విజేత ఏడుస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. పుట్టు చెవుడు. రెండో ఏట కుడిచెవికి ఆపరేషన్ చేసి, కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి మిషన్ పెట్టించారు. ఆ ఒక్క చెవితోనే మాటలు నేర్చింది. ఒమాన్‌లో వాళ్లుండే సీబ్ ఊళ్లో అందరి పిల్లలతో పాటు స్కూలుకి వెళ్తోంది. పాటలు కూడా పాడుతోంది.

ఎడమచెవికి ఈమధ్యే ఆపరేషన్ అయింది. పుట్టిన దగ్గర్నుంచి ఏమీ వినని చెవి. అందులోకి ఇప్పుడు చప్పుడు వస్తోంది. మాట రావడం లేదు.

తల్లి హైమ ఆ ఏడుపు పట్టించుకోలేదు. కూతురి కుడిచెవి మీద ఉన్న మిషన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎడమచెవిది ఒక్కటే ఉంచింది. ఎదురుగా కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బంతి.”

“తెలీదు.”

“బంతి.”

“నీ మొహం చూపించమ్మా!” పిల్ల ఆ చేతిని లాగెయ్యబోయింది. గోళ్లతో రక్కింది. హైమ చెయ్యి తియ్యలేదు.

చైతన్యకృష్ణ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. అక్కడికి చాలా దూరంలో ఉన్న దుక్మ్‌లో ఇంజనీరతను. వారమంతా క్యాంపులో ఉండి, శుక్రవారం సెలవుకని గురువారం సాయంత్రం ఇల్లు చేరతాడు. ఎప్పుడొచ్చినా ఇదే దృశ్యం.

“ఒక చెవి బంగారంలా పనిచేస్తోంది కదా. రెండోది ఎందుకు కోయించావు హైమా? డాక్టర్ కూడా చెప్పాడు, ఇంత ఆలస్యంగా పెడితే ఆ చెవి దారికి రావడం కష్టమని.”

“కష్టమన్నాడండీ. రాదనలేదు.”

“వచ్చి ఏం చేస్తుంది?”

“చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది. రెండు చెవులుంటేనే అది తెలిసేది.”

“తల తిప్పి చూస్తే తెలీదా?”

హైమ పిల్లని మళ్లీ దగ్గరికి లాక్కుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మరో వారం ముగ్గురూ లులూ సూపర్ మార్కెట్‌కి వెళ్లారు. పొద్దుగూకి, మసీదులో మగ్రిబ్ అజాన్ అవుతోంది. కారు దిగి నాలుగడుగులు వేసిందో లేదో, విజేత పార్కింగ్ గట్టు తట్టుకుని బోర్లా పడింది. గడ్డం చిట్లింది.

చైతన్యకృష్ణ మండిపడ్డాడు. “చూశావా? మొన్న రాత్రి గుమ్మం దగ్గరా ఇలాగే పడింది. ఆ ఆపరేషన్లో లోపల ఏ నరమో కదిపేశారు. అప్పట్నుంచే ఈ తూలడం. నువ్వే చేయించావు.”

“అవును, నేనే చేయించాను,” అంది హైమ, చున్నీతో రక్తం అద్దుతూ.

మర్నాడు అతను పొద్దున్నే స్పీచ్ థెరపిస్ట్ రజియాకి ఫోన్ చేశాడు. ఆమెది హైదరాబాద్. మొదటి చెవికి మాటలు నేర్పింది కూడా ఆమే.

“పిల్ల బెదిరిపోతోందండీ. కొన్నాళ్లు ఆపమని మీరైనా మా ఆవిడకి చెప్పండి.”



“మేడమ్ ఎట్ల చెప్తే అట్లనే చేద్దాం సార్,” అంది రజియా. ఫోన్ పెట్టేసింది.

హైమ తీరు అతనికి అంతుపట్టలేదు. రోజంతా పిల్లని ఏడిపించేది. సెలవొస్తే మాత్రం తనే కారు తీసి ఎక్కడెక్కడికో తిప్పేది. జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీ తోటలు, మడుగుల్లో వాలే గులాబీ రంగు కొంగలు, నిజ్వా సంతలో మేకలు. ఏడిపించినందుకు లంచమన్నమాట, అనుకున్నాడు. ఒకట్రెండుసార్లు ఆమె “ఏమండీ” అని పిలిచి, అతను తలెత్తగానే “టీ పెట్టనా” అని అడిగి ఊరుకుంది.

చలికాలం వచ్చింది. ఒకరోజు నోటికి అడ్డంగా చెయ్యి ఉండగానే విజేత “బంతి” అంది. తర్వాత “బత్తాయి” అంది. గులకరాళ్లు మెల్లగా మాటలయ్యాయి. కానీ వెనకనుంచి పిలిస్తే మాత్రం ఇంకా బొంగరంలా చుట్టూ తిరిగి వెతుక్కునేది.

ఆ శుక్రవారం ఎండ తగ్గాక సీబ్ బీచ్‌కి వెళ్లారు. జనం బాగా ఉన్నారు. బంతాట ఆడే కుర్రాళ్లు, మొక్కజొన్న కాల్చేవాళ్లు, వలలు సర్దుకునే జాలర్లు. విజేతని తండ్రి దగ్గర వదిలి, హైమ ఆ జనంలో కలిసిపోయింది. ఎడమవైపు దూరంగా ఒక పడవ చాటుకి వెళ్లి పిలిచింది.

“విజ్జీ!”

పిల్ల ఆగింది. చుట్టూ తిరగలేదు. తల కొంచెం వంచి వింది. సరాసరి ఎడమకి తిరిగి, కుర్రాళ్లని తప్పించుకుంటూ, పడవ దగ్గరికి నడిచి తల్లిని పట్టేసుకుంది.

చైతన్యకృష్ణ పరుగున వచ్చాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వుతున్నాడు.

“నువ్వే గెలిచావు హైమా. ఒప్పుకున్నాను. ఇంక చాలు, దాన్ని కాస్త ఆడుకోనీ. మిగతాది పెరిగేకొద్దీ అదే నేర్చుకుంటుంది. ఇంకో పదేళ్లు పడితే ఏం పోయింది?”

విజేత రెండు మిషన్లూ తీసి తల్లి చేతికిచ్చి నీళ్లలోకి పరుగెత్తింది. మోకాళ్ల లోతులో నిలబడి వెనక్కి తిరిగి అమ్మానాన్నల మొహాలనే చూస్తోంది. పెదాల కదలికని బట్టి మాట పట్టేస్తుంది ఆ పిల్ల.

హైమ సముద్రం వైపు వీపు పెట్టి నిలబడింది.

“పదేళ్లంటే కుదరదండీ,” అంది, “దాన్ని చెవిటిగా పుట్టించిన జబ్బే కళ్లనీ తినేస్తోంది, అప్పటికి దానికి చూపు మిగలదన్నారు.”