నిండని ట్యాంకు

వరదొచ్చి తొమ్మిదేళ్ళయింది. తమ్ముడి ఇంట్లో సెప్టిక్ ట్యాంకు తొమ్మిదోసారి పొంగింది.

ఆ వరదొచ్చిన ఏడాదే అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నారు. తమ్ముడి ట్యాంకు ముందు పూర్తయింది. అన్న ట్యాంకు గోతిలో వరదనీళ్ళు ఇంకలేదు. అన్నకేమో ఇంట్లో దిగాలని తొందర. "నేను సర్దుతాలెండి" అన్నాడు మేస్త్రి. సర్దాడు. తర్వాత ట్యాంకూ కట్టాడు. ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు.

అన్న ట్యాంకు మాత్రం ఇంతవరకూ నిండలేదు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళని అన్నే పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

తమ్ముడి భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బాత్రూంలోంచి బయటికొచ్చింది.

"ఇక నావల్ల కాదు. రేపే పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతా. మీరూ మీ ట్యాంకూ కాపురం చేసుకోండి."

తమ్ముడు ట్యాంకు తోడే ట్యాంకరుకు ఫోన్ చేశాడు.

ట్యాంకరు కంటే ముందు అన్న వచ్చాడు. పాఠం మొదలెట్టాడు.

"ఒరే, బరువైంది అడుక్కి దిగుద్ది. తేలికైంది పైన తెట్టు కడుద్ది. కంటికి కనబడని పురుగులు కూర్చుని భోంచేస్తాయి. మిగిలిన నీళ్ళు రెండో గదిలోకి, అక్కణ్ణించి ఇంకుడు గుంటలోకి. ఇంతే కదరా! మీరేమో ఫినాయిల్ పోసి పురుగుల్ని చంపుతారు."

"రెండేళ్ళుగా చుక్క పోయలేదు బావగారూ" అంది మరదలు.

"అయితే తిండి తగ్గించండమ్మా. మేం ఏడుగురం. మీరు ముగ్గురు. ముగ్గురికే ఇంతైతే ఎట్లా?"

మరదలు లోపలికి పోయి పెట్టె దించింది. ఆ చప్పుడు బయటికి వినబడింది.

"నువ్వొచ్చి మాది చూడరా. చూసి నేర్చుకో" అన్నాడు అన్న.

తొమ్మిదేళ్ళుగా తియ్యని మూత. గునపంతో లేపాల్సి వచ్చింది. అన్న లోపలికి తొంగిచూడలేదు. తనకు తెలియందేముంది? నడుం మీద చేతులు పెట్టుకుని, వీధిలో ఎవరైనా చూస్తున్నారా అని చూశాడు.

తమ్ముడు టార్చి వేసి వంగాడు. చాలాసేపు చూశాడు.

"కంపు కొడుతోందా?"

"లేదన్నయ్యా."

"తెట్టుందా?"

"లేదన్నయ్యా."

"అదీ! సంసారమంటే అట్లా చెయ్యాలి."

"అవునన్నయ్యా" అని తమ్ముడు మూత జాగ్రత్తగా వేసేశాడు. ఇంటికొచ్చి పెళ్ళాం సర్దిన పెట్టెను మళ్ళీ అటక మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున, అన్న ఇంట్లో ఏడుగురూ నిద్రలేవకముందే, తమ్ముడు గోడవారన మూరెడు తవ్వి, అన్న ఇంటి నుంచి తన ట్యాంకులోకి తొమ్మిదేళ్ళుగా వస్తున్న గొట్టానికి సిమెంటు బిరడా కొట్టాడు.