నూరో పిట్ట

"దిగండమ్మా, దిగండి! కాలు తీయండి ముందు!"

చంద్రకళ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు చేతికర్ర ఆడిస్తూ పరుగున వస్తున్నాడు.

ఆమె ఆ దిబ్బ మీద అప్పటికి వేసింది ఒకే ఒక్క అడుగు.

ఆ అడుగు వెనక పెద్ద పంతమే ఉంది. చంద్రకళ తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది.

"ఆడవాళ్లు పుస్తకంలో పిట్టల్ని చూపిస్తారుగానీ, ఎండలో తిరిగి చూడగలరా?" అన్నాడు తోటి లెక్చరర్ రామకృష్ణ, స్టాఫ్ రూములో అందరి ముందూ.

"వారంలో వంద రకాలు చూసొస్తాను. చూడలేకపోతే, పిల్లల్ని బయటికి తీసుకెళ్లి పాఠం చెప్పే పని ఇక మీదే," అనేసింది చంద్రకళ.

అనేశాక ఊరుకునే మనిషా! 1967 క్రిస్మస్ సెలవులు ఇచ్చీ ఇవ్వగానే సంచిలో అటుకులు పోసుకుని, మెడలో బైనాక్యులర్స్ తగిలించుకుని బయల్దేరింది. బాపట్ల వెళ్లి సూర్యలంక ఇసుకలో పడి నడిచింది. రేపల్లె కాలవగట్ల మీద రోజుకు పదేసి మైళ్లు తిరిగింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఈవిడగారు ఏం పోగొట్టుకుందోనని జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

ఆదివారం పొద్దుటికి లెక్క తొంభై తొమ్మిది. సెలవులకు అదే ఆఖరి రోజు.

నూరోది ఈ దిబ్బ మీద ఉంది. చెరుకుపల్లి దాటాక, పొలాల మధ్య, బౌద్ధుల కాలంనాటి ఇటుకల దిబ్బ. పైన కన్నంలో కొమ్ముల గుడ్లగూబ గుడ్లు పొదుగుతోందని బస్సు దిగిన చోట టీ కొట్టు బసవమ్మ చెప్పింది.

"ఏంటయ్యా, ఎందుకు ఎక్కకూడదు?"

"ఇటికలు జారతాయండి. ఒకటి జారితే దాని వెనక పదొస్తాయండి."

"ఒక్క నిమిషం. పిట్టని చూసి దిగిపోతా."

"అందరూ ఒక్క నిమిషమేనంటారండి."

"నేను కాలేజీలో లెక్చరర్ని, తెలుసా?"

"సంతోషమండి. ఎక్కటం మాత్రం కుదరదండి."

బతిమాలింది. కసిరింది. చివరికి రూపాయి నోటు తీసింది. ముసలాయన మొహం తిప్పుకున్నాడు.

"ఈ కిందే కూచోండమ్మా. పొద్దుగూకితే అదే బయటికొస్తది. దగ్గరుండి నే చూపిస్తాగా."

"అప్పటిదాకా నా బస్సు ఆపేదెవరు, నువ్వా? నీ పేరేంటి? నీ మీద రిపోర్టు రాస్తా."

"యలమందండి. రాసుకోండమ్మా."

ఆమె పుస్తకం తీసేదాకా ఆగి, ఇంటిపేరు కూడా నెమ్మదిగా చెప్పాడు.

తొంభై తొమ్మిదితో తెనాలి చేరింది. రామకృష్ణ నవ్వాడంతే. ఆ ఏడాది పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయనే వెళ్లాడు. చంద్రకళకు ఒళ్లు మండిపోయింది. చదువుకున్నవాళ్లను కూడా మీ కావలివాడు దిబ్బ ఎక్కనివ్వడం లేదంటూ మూడు పేజీలు ఇంగ్లీషులో రాసి, పురావస్తు శాఖ పై ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపింది. అప్పటికిగాని ఆమె కసి తీరలేదు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. తగిన చర్య తీసుకున్నారట.

మరుసటి డిసెంబరులో మళ్లీ అక్కడే బస్సు దిగింది. ఈసారి నూరూ పూర్తిచేసి తీరాలి.

దిబ్బ లేదు.

మోకాలెత్తు మట్టి, ముళ్లకంప, బండి చక్రాల గాడులు. గుడ్లగూబ ఉండడానికి చోటే మిగల్లేదు. ఊళ్లో కొత్త గొడ్లచావిళ్లకు మాత్రం వెడల్పాటి పాత ఇటుకలతో గోడలు లేచాయి.

చంద్రకళ గబగబా బసవమ్మ కొట్టుకు వచ్చింది.

"ఇంత దోపిడీ జరుగుతుంటే ఆ యలమంద ఏం చేస్తున్నాడు?"

"ఆయన్ని రానిస్తేగదా పంతులమ్మగారూ! ఎవరో రిపోర్టు రాశారంట. మళ్లీ దిబ్బకాడ కనపడితే లోపలేయిస్తామని ఆఫీసోళ్లొచ్చి బెదిరించారు. పాపం, అటేపు చూసుకుంటానే మంచాన పడ్డాడు. శ్రావణమాసంలో పోయాడు."

చంద్రకళకు చచ్చేంత సిగ్గేసింది. రాసింది తనేనని చెప్పడానికి నోరు రాలేదు. అయినా వాదన వదలబుద్ధి కాలేదు.

"ఒకణ్ణి తీసేస్తే ఇంకొకణ్ణి పెట్టాలిగదా గవర్నమెంటు?"

బసవమ్మ గ్లాసు కడగడం ఆపి ఆమె మొహంలోకి చూసింది.

"తీసెయ్యటానికి ఆయన్ని పెట్టిందెవరమ్మా? ఎప్పుడో తవ్వకాలప్పుడు మట్టి మోసిన కూలోడు, ఆఫీసర్లు గుడారాలెత్తుకుని వెళ్లిపోయినాక ఎవరూ చెప్పకుండానే పంతొమ్మిదేళ్లు కాపలా కాశాడు."