నల్లరంగు, గరుకు కాగితం

"రోజూ నేను నల్లరంగు పూస్తుంటే, రోజూ ఎందుకు గీకేస్తోందో ఆవిడగార్ని అడగండి," అన్నాడు నాన్న, గిటార్ రంగు చూసుకోవడానికి వచ్చిన పాటగాడితో.

కూతురు గరుకు కాగితం కింద పెట్టలేదు. "నలుపు పూశాక పైపైన గీకాలని, అప్పుడే మేపుల్ చెక్కలో చారలు తేలతాయని నేర్పింది ఆయనే. గీకిన ప్రతిసారీ పంతానికి మళ్ళీ పూస్తున్నదెవరో అడగండి."

"మీరిద్దరూ మాట్లాడుకోక ఎన్నాళ్ళయింది?"

"వారం," అన్నారిద్దరూ అతనికే.

పాటగాడు తల పట్టుకున్నాడు. ఆరిన చెక్క బూడిద పూసినట్టుంది. "ఇదేం నలుపండీ! నా చెక్క నాకిచ్చేయండి, వేరేచోట చేయించుకుంటా."

ఎవరి సాయమూ లేకుండా కూతురు కోసిన మొదటి గిటార్ అది. పొడి దులిపైనా ఇద్దామని తడిగుడ్డతో తుడిచింది.

ముగ్గురూ ఒక్కసారిగా వంగారు. వారం రోజుల పూతలన్నీ చారల్లోకే ఇంకాయి. చెక్కను అటూ ఇటూ వంచితే నల్లటి అలలు కదిలాయి.

"అమ్మో!" అన్నాడు పాటగాడు. "అచ్చం ఇలాంటిదే మా తమ్ముడికీ ఒకటి చేసిపెట్టాలి."

నాన్న కూతురి వైపు తిరిగాడు. "ఏమే, నేనెప్పుడూ ఇంత లోతు నలుపు తేలేకపోయాను. తెలుసా?"

వారం తర్వాత విన్న ఆ మాటకి ఆమె గరుకు కాగితం కింద పెట్టింది. అయినా పాటగాడి వైపే చూసింది.

"తమ్ముడి గిటార్ అయ్యేదాకా నాతో మాట్లాడొద్దని చెప్పండి ఆయనకి."

నాన్న మీసంలో నవ్వుకున్నాడు.

"రేపు పొద్దున్నే పోట్లాటకి వస్తానని చెప్పండి."